కళ్లు మూసుకుని సర్దిన గది

ఎగ్మూరులో కంటి ఆపరేషన్.
కనకరత్నం పిన్ని రేపొస్తోంది.

పెరంబూరు వాటాలో ఉన్న ఆ చిన్న గదికి
పసుపు పరదాలు కొన్నాను, తామరపూల దుప్పటి కూడా.
పరిచాక గుర్తొచ్చింది:
ఒక కంటికి కట్టు, రెండోది ముందే మసక.
ఎవరి కోసం ఈ రంగులు?

కళ్లు మూసుకుని గుమ్మంలోంచి నడిచాను.
మంచంకోడు మోకాటికి తగిలింది.
జరిపాను.
చెయ్యి వెతికిన చోట స్విచ్చు లేదు;
దారి పొడుగునా గోడకి
బొట్టుబిళ్లలు అంటించాను, తడిమితే తెలిసేలా.
కొత్త దుప్పటి మడిచేసి
ఉతికి ఉతికి మెత్తబడ్డ నా నూలుచీర పరిచాను.
చెంబు కుడివైపు. మూత మోగాలి, ఇత్తడిదే పెట్టాను.
కిటికీ తీస్తే
కింద దోసెపెనం చుయ్‌మంది, లోకల్ రైలు కూసింది.
వీటికి డబ్బులివ్వక్కర్లేదు.

పరదాలు మాత్రం ఉంచేశాను.
కట్టు విప్పిన రోజు
"ఇదేం పసుపే, పెళ్లిపందిరిలా!" అని తిడుతుంది.
తిట్టించుకోవాలి.