మూడో చీటి

సీసా మీద చీటి మార్చమన్నది తస్నీమ్ మేడం.
ఇది మూడోసారి.
మొదటి పేరు నేను కొలువుల చేరిన యేడాది రాసిన,
రెండోది తెలంగాణ వచ్చినంక.
కప్ప మాత్రం కదల్లేదు.
ఫార్మాలిన్ల బొటనవేలంత,
వీపు మీది ఇటుకపొడి రంగు
సగం నీళ్లల్లనే కలిసిపోయింది.

"ప్రజాతి మారింది, జాతి అదే" అన్నది.
ఇంటిపేరు మారితే మనిషి మారుతదా
అని అడగబోయి
బంక సీసా మూత తీసిన.

గోడ మీది పాత పటంల దాని ఇలాకా:
సింహళం, పడమటి కొండలు, ఒడిశా అంచు,
నడుమంత తెల్లకాగితం.
ఆ తెలుపులనే ఉన్నది తాడ్వాయి.
ఆ తెలుపులనే ఒక వానరాత్రి
ఈసం బుచ్చయ్య
నల్లమద్ది తొర్రల మోచెయ్యి దాక పెట్టి
"ఉష్" అన్నడు.
చెట్టు కడుపుల చెంబు మునిగినట్టు
ఒక్క కూత.
మనిషెత్తు మీద, దోసెడు నీళ్లల్ల,
దానికి చెరువున్నది, సంసారమున్నది.

మీ దిక్కు దీన్నేమంటరని అడిగిన.
నవ్విండు.
"వానొస్తేనే దానికి పేరు.
ఎండల ఎవలు పిలుస్తరు?"

చీటిల నాలుగు గీతలు:
పేరు, తావు, తారీకు, పట్టినవారు.
నాలుగో గీత మీద పెద్దసారు పేరే,
మూడుసార్లూ
నేనే రాసిన, గుండ్రంగ.

మేడం చాయ్‌కి పోయింది.
కుర్చీ ఎక్కి, పటం తెలుపుల
పెన్సిల్‌తోని ఒక చుక్క పెట్టిన.
చుక్క పక్కన "ఈసం" అని రాసి,
మిగిలిన పేరుకు జాగ లేక
ఆగిన.