ఇంటిపేరు విషం

మా వైపు ఈ పొదకి పేర్లు చాలా ఉన్నాయి,
ఇంటిపేరు మాత్రం ఒక్కటే.
యార్క్ రోడ్ పాయిజన్, బాక్స్ పాయిజన్,
హార్ట్‌లీఫ్ పాయిజన్.
బళ్ళో హాజరు పిలుస్తున్నట్టు
మా తాత వరసగా అప్పజెప్పేవాడు.

బఠాణీ కులమని పువ్వే చెప్పేస్తుంది:
వెనక నిటారుగా ఒక జెండా,
పక్కన రెండు రెక్కలు,
అడుగున బుల్లి పడవ.
పసుపు మీద ఎవరో
దానిమ్మ గింజ నలిపి అద్దినట్టు
గొంతు దగ్గర ఎరుపు.
సెప్టెంబరులో కొండవాలు మొత్తం ఇదే పూస్తుంది.
కారాపి ఫొటోలు తీసుకునేవాళ్ళకి
నేనేం చెప్పను.

తాత పేరు ఎర్న్ ట్రెమ్లెట్.
గోధుమ ధర పడిపోయిన ఏడు
ఎవరిదో పొలంలో, ఎకరానికింతని కూలికి
ఈ పొదల్ని పెళ్ళగించాడు.
కాండం నరికితే చాలదు,
వేరు ముక్క మిగిలితే మళ్ళీ లేస్తుంది.
సాయంత్రం దొర వచ్చి
కుప్పలు కాదు, గుంటలు లెక్కపెట్టేవాడు.

అయినా ఒక మూల మిగిలింది.
కంచె తెగిన రాత్రి
నలభై మూడు గొర్రెలు ఆ మూలకే వెళ్ళాయి.
పొద్దున్నే కుక్క మొరిగింది.
"పరిగెత్తించకు! పరిగెత్తించకు!"
తాత అరిచేలోపే
మంద మొత్తం పరుగందుకుంది.

ఈ ఆకు తిన్న గొర్రె కదలకుండా నిలబడితే
ఒక్కోసారి బతుకుతుంది.
పరిగెత్తితే మోకాళ్ళ మీద కూలుతుంది.
ఆకు సగమే చంపుతుంది,
మిగతా సగం బెదురు చంపుతుంది అనేవాడు తాత.
ముసలితనంలో కూడా
ఇంట్లో ఎవరైనా గట్టిగా తలుపేస్తే
కుర్చీలోంచి సగం లేచేవాడు.

నర్సరీలో నాకు పని నేర్పిన గ్లెనిస్
నూంగార్ మనిషి.
ఈ కథ అంతా విని
కుండీలో మట్టి నొక్కుతూ అంది:
"మావాళ్ళకి ఇది వట్టి మొక్క.
మీ గొర్రెలు దిగాకే విషమైంది."
నాకు జవాబు దొరకలేదు.
మట్టి నొక్కాను.

తోక చివర మెలితిరిగిన వాయిలీ,
కుందేలంత కంగారూ,
ఈ గింజల్ని పేలాల్లా నములుతుంది.
ఎన్ని వేల తరాల అలవాటో,
దానికేం కాదు.
దాన్ని పట్టుకు తిన్న నక్క మాత్రం
తెల్లారేసరికి చల్లబడుతుంది.
నక్క కూడా గొర్రెలాగే
ఓడ దిగి వచ్చిందే.

ఇప్పుడు నాకు అరవై ఏడు.
కెటిల్లో నీళ్ళు మరిగించి,
కాసేపు ఆగి,
గాజు సీసాలోని గింజల మీద పోస్తాను.
నిప్పు వచ్చిందనుకుని
అవి మేల్కోవాలి.
నిన్న పోసినవాటిలో ఉబ్బినవి పద్దెనిమిది.
మిగతావి మొండివి,
ఇంకో కార్చిచ్చు కోసం కాచుకుంటాయి కాబోలు.
రాతిసందులో ఒక్కోటి
మనిషి ఆయుష్షంతా కాచుకుంటుందట.

తాత గుంటలు తీసిన వాలులోనే నాటుతున్నాను.
ఆయన గునపం కర్ర చెదలు తినేసింది.
నేను వంటింటి గరిటెతో తవ్వుతున్నాను.
ఆయన చూస్తే ఏమనేవాడో
ఊహించడం మానేశాను.
కొన్నిటిని పీకిన చేతులే
క్షమించమని అడగాలని రూలేం లేదు,
ఆయన కూలి ఆయన చేశాడు.

కంచె అవతల కోల్ బర్రిడ్జ్ మందలున్నాయి.
నేను నాటుతున్నానని తెలిసిన రోజు
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.
అప్పట్నించి ప్రతి ఆదివారం
అతను తన వైపు, నేను నా వైపు,
పటకార్లు పట్టుకుని
ఒకే తీగ వెంట నడుస్తాం.
గాలివాన వస్తుందా, గోధుమ ఎలా ఉంది,
అంతకు మించి మాటల్లేవు.

మొన్న మూడో పొద మొదట్లో
చిన్న గుంట కనపడింది.
గరాటులా, కొత్తగా, తడిగా.
గరిటె గుర్తు కాదు.
కోల్‌ని పిలిచి చూపించాను.
అతను తీగ మీదికి వంగి
చాలాసేపు చూశాడు.
"ఒకటేనా?" అన్నాడు.