లక్షకు నాలుగు తక్కువ

గాజువాక ఆటోనగర్‌లో
బ్రోకర్ పైడిరాజు ముందు మీటరే చూశాడు.
రంగు తర్వాత. ఇంజన్ ఆ తర్వాత.

"లక్ష దాటిందంటే రేటు పడిపోద్ది మేడమ్.
ఇంకా నాలుగు కిలోమీటర్లుంది,
ఇక్కడే వదిలెయ్యండి, స్టార్ట్ చెయ్యకండి."

పక్కన పసుప్పచ్చ కారు.
ఆరేళ్లు రుషికొండలో కవరు కప్పుకుని పడుకుంది,
తిరిగింది ఎనిమిది వేలే,
ధర నాదానికి రెండింతలు.
వంగి చూశాను:
ఉప్పుగాలి అడుగంతా నమిలేసింది,
వైర్లు ఎలకల వంతు.

"పోనీ, మీటరు నలభైకి దింపించెయ్యమంటారా?
లేడీ డాక్టర్ బండని రాస్తే ఇంకో యాభై వస్తాది,
మెల్లగా తోలుంటారనుకుంటారు."

నవ్వొచ్చింది.
అనంతగిరి మలుపుల్లో, కాఫీ తోటల నడుమ
నేను పెట్టిన కేకల్ని
ఏ స్క్రూడ్రైవర్‌తో విప్పుతాడు?
నైట్ డ్యూటీ దిగి, నిద్ర రాక,
ఊరికే భీమిలి దాకా వెళ్లొచ్చిన
ఆ తెల్లవారుజాముల్ని?

తాళం తిప్పాను.
"ఓలమ్మో, వద్దు మేడమ్!"

షీలానగర్ దగ్గర, లారీ వెనక,
తొమ్మిదులన్నీ ఒక్కసారే ఒళ్లు విరుచుకుని
సున్నాలయ్యాయి.

ఫోన్ మోగింది. పైడిరాజే.
"ఎంతయింది?"
"లక్షా ఒకటి."
అటునుంచి మాట లేదు,
క్యాలిక్యులేటర్ నొక్కుతున్న చప్పుడు.