జీవితకాలం నూనె

కరకంబాడి రోడ్డు. పొద్దున ఎనిమిదిన్నర.
షట్టరు సగమే ఎత్తినా,
అప్పటికే వచ్చి నిలబడుకోనుండాది నల్లటి జర్మనీ బండి,
వాన గుంటలో తన మొహం తాను చూసుకుంటా.

ఓనరు రాలేదు. డ్రైవరు చెంగల్రాయుడు వచ్చినాడు.
"అన్నా, అరవై దాటితే వెనక నుంచి ఒకటే రాగం.
యాక్సిలేటరు వదిల్తే ఆగిపోతాది.
సారుకు చెప్తే, నాకేం వినపళ్లేదే అన్నాడు."

వినపడదు.
ఆయన కూర్చునేది సరిగ్గా దాని నెత్తి మీదే.
తోలు సీటు, దాని కింద స్పాంజి, దాని కింద రేకు,
ఆ రేకు కింద క్రౌనూ పినియనూ
పదకొండేండ్లుగా ఒకదాన్నొకటి కొరుక్కుంటా ఉండాయి.
ఫోన్లో మామిడిగుజ్జు టన్ను రేటు మాట్లాడే మనిషికి
కింద నలిగేది యాడ వినపడతాది?

డ్యాష్‌బోర్డు అరలోంచి పుస్తకం తీసినాడు,
ఇన్నేండ్లలో ఎవరూ తెరవని పుస్తకం.
దాంట్లో ఒక ముక్క:
ఈ నూనె జీవితకాలం. మార్చే పని లేదు.

ఎవరి జీవితకాలం?
బండిదా, గ్యారంటీదా, అమ్మినోడిదా?
రాసినోడు వాళ్లూరి రోడ్డు చూసి రాసుంటాడు,
దారం పట్టి గీసిన రోడ్డు.
వారానికి మూడుసార్లు కొండకు పొయ్యొచ్చే బండిని
వాడు చూసుండడు.
మలుపు మలుపుకూ లోపలి చక్రం అడుగులు లెక్కపెట్టుకుంటాది,
బయటి చక్రం అంగలు చాపి పరిగెత్తాల.
ఆ తేడానంతా మింగేది నడిమధ్యలో ఆ ఇనపగుండు.
ఎక్కేటప్పుడు గోవిందా అంటారు, దిగేటప్పుడు నిద్రపోతారు.
దానికి నిద్ర యాడిది.

నూనెకు ఇంతియాజ్‌ను రేణిగుంట రోడ్డుకు పంపితే
లారీలకు పోసేది తెచ్చినాడు, బెల్లంపాకం లాంటిది.
చిక్కగా ఉంటే మంచిదే గదా అన్నాడంట అంగడాయన.
"ఎండలో దప్పికైతే గెడ్డపెరుగు మింగుతావంట్రా, మజ్జిగ తాగుతావు గానీ?"
మళ్లీ పంపినా. డెబ్బై ఐదు, ఎనభై ఐదు. సింథటిక్కు.
సీలు చూసి తే.

ధర విని చెంగల్రాయుడు గుటక మింగినాడు.
బిల్లు సారుకు పంపాల్నా అంటే తల అడ్డంగా ఊపినాడు.
"పుస్తకంలో లేనిది ఎందుకు చేసినావంటాడు. నేనే ఇస్తాలే.
ఘాటులో ఆగిపోతే తిట్లు తినేది నేను గదా."

ముందు పై బిరడా, ఆ తర్వాతే కింది బిరడా.
ఇంతియాజ్‌కు నూరుసార్లు చెప్పుంటా:
పోసే దారి తెరుచుకుంటాదో లేదో తెలీకుండా
ఉన్నదాన్ని వదులుకోగాకురా.
నేను వదులుకున్నా ఒకసారి, చిత్తూరులో, ఒక జీపుకు.
కడుపు ఖాళీ చేసినాక పై బిరడా కదల్లేదు.
రాత్రంతా దాని పక్కనే పండుకున్నా.

కింది బిరడా తిప్పినా.
వచ్చింది. నల్లగా, నీళ్లంత పల్చగా, గంధకం కంపుతో.
అయస్కాంతం కొనకు బూడిదరంగు ముద్ద.
వేళ్ల మధ్య నలిపినా, విబూది నలిపినట్టు.
పలుకు తగిలితే భయం.
తగల్లేదు.
"పండ్లు గట్టిగానే ఉండాయి" అన్నా.
బండి చక్రం పట్టుకోని అట్నే కూలబడినాడు చెంగల్రాయుడు.

కొత్త వాషర్లు. చేతిపంపుతో లీటరు, ఇంకొంచెం.
ఆముదం రంగు చుక్కొకటి అంచు దాటి
నా మణికట్టు మీద పడిందాకా.
ఆ చుక్కే లెక్క.

మంగళం దాకా పొయ్యొచ్చినాం.
అరవై. డెబ్బై. రాగం తగ్గింది.
పూర్తిగా పోలేదు, అదే చెప్పినా.
అరిగిన ఇనుముకు నూనె ఓదార్పే గానీ మందు కాదు.
"సారుకు ముందే వినపళ్లేదులే" అని నవ్వినాడు.

పొయ్యేముందు పాత నూనె అడిగినాడు.
ఇంటి ద్వారబంధానికి చెదలు పట్టిందంట, పూస్తాడంట.
రెండు నీళ్ల సీసాలకు పట్టి ఇచ్చినా.
డిక్కీలో, సారు గుజ్జు శాంపిలు డబ్బాల పక్కన,
పాత గుడ్డ చుట్టుకోని పండుకుంది జీవితకాలం నూనె.

చేతులు సర్ఫుతో రెండుసార్లు కడిగినా.
మధ్యాన్నం సంగటి ముద్దలో కూడా గంధకమే.