మూరెడెత్తు

మేస్త్రీ నాకు స్టూలు ఇచ్చిన రోజు
పలాసలో ముసురు.
బాయిలర్ పొగ పైకెళ్ళలేక నేలంతా పాకుతోంది.
నేను మాత్రం మూరెడు పైకి లేచాను.

పదకొండేళ్ళు కింద కూర్చుని జీడిగింజ కొట్టినదాన్ని
ఇప్పుడు పప్పు ఏరుతున్నాను.
ఇది గుండు, ఇది బద్ద, ఇది నూక.
తెల్లనిది ఇటు, మచ్చపడింది అటు.

నెల తిరక్కుండానే
డ్యూటీ దిగినా చూపు దిగడం మానేసింది.
మనుషుల్ని ఏరడం మొదలెట్టాను.
నీలవేణి, కుచ్చిళ్ళ మీద జీడిమరక: నూక.
మందస నుంచి కొత్తగా వచ్చిన గుంట,
నవ్వితే చిగుళ్ళన్నీ బయటికే: బద్ద.
దాలమ్మప్పకయితే
ఏ గంపా వెతకలేదు.

నాకు పని నేర్పింది దాలమ్మప్పే.
బూడిద ఎంత రాసుకోవాలో,
రసం కంట్లో చిందితే
రుద్దకుండా ఎలా ఓర్చుకోవాలో.
ఒక మధ్యాహ్నం చద్దన్నం గిన్నెతో
నా పక్కన కూర్చోబోయింది.
నా కారియర్ ఇటు జరుపుకున్నాను.
కొంచెమే. జానెడు.
"ఇక్కడ గాలాడ్డం లేదే" అని
గిన్నెతో తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది.
ఫ్యాను నా నెత్తిమీదే తిరుగుతోంది.

ఒకటో తారీఖున వీధిలోకి బియ్యం బండి.
వేలు పెట్టాను. ఎర్ర లైటు.
తుడిచి పెట్టాను. ఎర్ర లైటు.
బండి కుర్రాడు నా వేలు తిప్పి చూశాడు.
"ఏటమ్మా ఇది, గీతల్లేవు?"
నాలుగు నెలల తెల్ల గ్లౌజులు,
రాత్రిళ్ళు రాసుకున్న కోల్డ్ క్రీము,
పదకొండేళ్ళ రసం తిన్న చోట
ఏమీ మొలిపించలేదు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి
నా వేలిని తన నెరిసిన ముడికి రాసింది,
ఆముదం అంటేలా.
మిషను మీద అదిమి పట్టింది.
"మనియి ఇంతే బాబూ, కాసింత నొక్కాల."
మనియి, అంది.
పచ్చ లైటు.

తర్వాత ఆమె వంతు.
ఎర్ర లైటు. మళ్ళీ ఎర్ర లైటు.
ముడిలో నూనె అంతా నా వేలికే అయిపోయిందేమో.
నాది నిన్ననే షాంపూ పెట్టిన తల.
వెనక లైను గొణుగుతోంది.
ఏం చెయ్యాలో తోచక
ఆ నల్లటి వేలు నోటి దగ్గరికి తెచ్చుకుని
ఆవిరి ఊదాను.

జీడి వాసన.
స్టూలెక్కిన దగ్గర్నుంచీ
నేను ముక్కు తిప్పుకుంటున్న వాసన.
ఇంకోసారి ఊదాను.