పదహారో గుండీ

ఎడిన్‌బరోలో ఆ రాత్రి మంచు కురవలేదు,
కురుస్తుందని అందరూ ఎదురుచూశారు, అంతే.

లేడీ ఇసోబెల్ సోఫాలో ఒరిగి ఉంది.
నిద్రపోయిందనుకుని
వాల్ట్జ్ ఇంకో రెండు చుట్లు తిరిగింది.

గుండె ఆగింది, అన్నాడు డాక్టరు.
ఆగకుండా ఎవరు పోయారు గనక,
అనుకుంది గోడవారన యూఫీమియా,
నలభై రెండేళ్లది, పెళ్లి కానిది,
వడ్డనలో ఉప్పులా
లేకపోతేనే గుర్తొచ్చే మనిషి.

ఇన్‌స్పెక్టరు తలుపు గడియలు చూశాడు,
గ్లాసులు వాసన చూశాడు,
వంటమనిషిని ఏడిపించాడు.
చేతి తొడుగు చూడలేదు.

మోచేయి దాటిన తెల్లతోలు,
వరసగా పదహారు ముత్యపు గుండీలు.
పదిహేనే పెట్టి ఉన్నాయి.
ఒంటిచేత్తో ఏ ఆడదీ పెట్టుకోలేదు వాటిని,
ఏ పనిమనిషీ ఒకటి వదిలెయ్యదు.
ఎవరో విప్పారు.
సూదిమొన కన్నా చిన్న పనేదో చేశారు.
మళ్లీ మూశారు.

గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకునే రకం కాదు ఆ ఇంటి మగాళ్లు.
అందుకని ఆమె లేచింది,
తన తొడుగు తనే విప్పుకుని
ఒక్కొక్కరి ముందూ చెయ్యి చాపింది:
కాస్త పెట్టి పుణ్యం కట్టుకోరూ?

ముదురు కన్య సరసం!
విసనకర్రల చాటున నవ్వులు.
కల్నల్‌కి రెండు గుండీలకే చెమట పట్టింది.
జడ్జిగారికి ఎటునుంచి మొదలెట్టాలో తెలియలేదు.

మేనల్లుడు రానల్డ్ మాత్రం
చకచకా, తలైనా వంచకుండా,
పదిహేను.
ఆఖరిది అతని లావుపాటి బొటనవేలి కింద
జారింది,
జారింది,
మళ్లీ జారింది.

పోనివ్వండి, అంది యూఫీమియా.
చెయ్యి మాత్రం
వెనక్కి తీసుకోలేదు.