ఆగితే రెట్టింపు

చందాల కాగితం మీద మొదటి పేరు మాంసం కొట్టు మక్‌కెల్వీది,
అయిదు పౌన్లు, పక్కనే బొటనవేలంత కొవ్వు మరక.
రెండోది మా అత్త ఇసొబెల్. పది. ముందు పరిగెత్తి చూపించమంది.
పన్నెండో గదిలో ఎవాండర్
పెన్ను నిలవక నా చేత రాయించాడు:
పరుగు పూర్తి చేస్తే ఇరవై.
పందొమ్మిదో మైలు దగ్గర ఆగితే
నలభై.

ఆగడం దేనికి అన్నాను.
అక్కడ పడవల షెడ్డుంది, దాన్నానుకుని
చేపలకి పొగబెట్టే కొట్టం. తలుపు తెరిచుందేమో చూడు.
తెరిచుంటే ఊపిరి బిగబట్టకు. అంతే.

ఆ హాస్పిస్‌లో నేను దుప్పట్లు ఉతుకుతాను.
పధ్నాలుగేళ్ళుగా.
ఎవరు వెళ్ళిపోయారో నాకెవరూ చెప్పనక్కర్లేదు.
ఆఖరి రోజు దుప్పటికి ముడతలుండవు,
మనిషి పొర్లడం మానేస్తాడు గనక.

ఆదివారం పొద్దున సముద్రం మీంచి హార్ దిగింది.
ఫైఫ్ తీరంలో పొగమంచుని అలాగే అంటారు, చిన్న పేరు, పెద్ద తడి.
ముందు పరిగెత్తేవాళ్ళ వీపుల మీద ఫోటోలు,
నాన్నలు, చెల్లెళ్ళు, ముక్కులో గొట్టంతో నవ్వే ఒక కుర్రాడు.
నా వీపు మీద అంకె ఒక్కటే.
ఒకరిది అంటించుకుంటే
తక్కిన దుప్పట్లన్నీ నన్నడగవూ?

మైళ్ళని మైళ్ళుగా లెక్కపెట్టలేదు.
అయిదు: ఎవరి పెదాలకో తడి స్పాంజి.
తొమ్మిది: ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పడం, ఇద్దరు కావాలి.
పధ్నాలుగు: ఏమీ చెయ్యకుండా మంచం పక్కన కుర్చీలో కూర్చోవడం,
రాత్రి నర్సు పనుల్లో
అన్నిటికంటే ఖరీదైంది అదే.
పదిహేడు దగ్గర పిక్కలు ఎదురుతిరిగాయి.
ఎడమ మోకాలు నా మాట వింది, కుడిది దాని మాటే.

పందొమ్మిది.
షెడ్డుంది. కొట్టం ఉన్న చోట
కయాకులు అద్దెకిచ్చే దుకాణం, తాళం.
పొగ లేదు. రబ్బరు వాసన, కొత్త రంగు వాసన.
ఏం చెప్పను ముసలాడికి?

గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళాను.
అడుగు వరస ఇటుకలకి ఎవరూ రంగు వెయ్యలేదు.
మోకాళ్ళ మీద కూలబడి
నల్లటి ఇటుకకి ముక్కు ఆనించాను.
అరటిపళ్ళు పంచే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు, ఒంట్లో బాలేదా అని.
ఉండు నాయనా, అన్నాను,
చొక్కా చెయ్యిని ఆ మసికేసి రుద్దుతూ.
లేవడానికి పట్టిన సేపు ఇంకో మైలు.

మిగతా ఏడూ చెప్పుకోదగ్గవి కావు.
గీత దాటేసరికి గడియారం విప్పేస్తున్నారు.

సోమవారం ఆ చొక్కా ఉతక్కుండానే పట్టుకెళ్ళాను.
ఎవాండర్ కళ్ళు మూసుకుని వాసన చూశాడు.
ఇది నీ చెమట, అన్నాడు.
ఇంకోసారి చూశాడు. కిటికీలో వెలుతురు
దుప్పటి మీంచి జారి నేల మీదికొచ్చేదాకా చూశాడు.
అడుగున ఉంది, అన్నాడు. ఓక్ కర్ర. కొంచెం తడిది.
తలుపు?
మూసుంది.
ఊఁ.

ఆగినందుకు నలభై, చేరినందుకు ఇరవై,
మాట అంటే మాటే. అరవైకి నర్సు ఎంతసేపొస్తుంది?
మూడు గంటలు.
ఏ మూడు?
నీ ఇష్టం, అన్నాను.

రెండు నుంచి అయిదు, అన్నాడు.
నాక్కాదు.
ఎదురు గదిలో ఆవిడ ఆ వేళప్పుడు
వాళ్ళమ్మని పిలుస్తుంది.
ఎవరో ఒకరు పలకాలి కదా.